కుడి బుగ్గలో మాత్ర

"మూడింటికి ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్ళిపోతాను బావగారూ. ఇప్పుడు రెండూ పది. యాభై నిమిషాలు మీవి. వియ్యంకులు కాబట్టి ఇస్తున్నాను. ఇంకొకరైతే గుమ్మం కూడా తొక్కనిచ్చేవాణ్ణి కాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాలు మీద కాలేసుకుని.

"మహాభాగ్యం బావగారూ," అన్నాడు డిటెక్టివ్.

ఈ డిటెక్టివ్‌ని అందరూ 'గడియారం' అంటారు. నోరు తెరిస్తే 'ఎన్ని గంటలకి?' అన్న మాటే ముందొస్తుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఈయనకీ ఇన్‌స్పెక్టర్‌కీ పాతికేళ్ళుగా ఉప్పూ నిప్పూ. ఒకరు పట్టుకున్న దొంగని ఇంకొకరు అమాయకుడని తేల్చడం, అసలు దొంగ దొరికాక ముందు పట్టుకున్నాయన మొహం మాడ్చుకోవడం. హాయిగా సాగిపోతున్న ఈ వైరంలో పిల్లలు మన్ను కొట్టారు. గడియారం కూతురు ఇన్‌స్పెక్టర్ కొడుకుని ప్రేమించింది. మూడేళ్ళ నుంచి పాపం ఇద్దరూ తిట్టుకోవాలన్నా చివర 'గారూ' తగిలించుకోవాల్సి వస్తోంది.

కేసు చిన్నదే. ఆ ఇంటి పెద్దాయన వాచీలు బాగుచేసే మేస్త్రి. ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఈ రోజు పొద్దున్న పదకొండూ పదికి ఎంత లేపినా లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళితే, నిద్రమాత్రలు పడ్డాయన్నారు. ప్రాణానికి భయం లేదు, కూతురు పక్కనే ఉంది. ఇంట్లో నిద్రమాత్రలు వేసుకునేది ఆయన భార్య ఒక్కతే. ఆయనకి మందులు ఇచ్చేది మాత్రం పిచ్చుక.

పిచ్చుక అంటే ఇరవై రెండేళ్ళ పిల్ల. బక్కగా ఉండి, తెల్లారిన దగ్గర్నుంచీ కిచకిచలాడుతుంది కాబట్టి పిచ్చుక. ఇళ్ళలో రోగుల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడం నేర్పే బడిలో రెండు నెలలు చదివింది. మూడో నెల ఎవరో ఒకరి ఇంట్లో నిజమైన పేషంట్ దగ్గర పనిచేసి చూపించాలి. అందుకే ఇక్కడికొచ్చింది. సర్టిఫికెట్‌కి ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఇప్పుడు ఆ పిల్ల గోడకి ఆనుకుని, నోరు కుట్టేసినట్టు నిలబడి ఉంది.

ఆ బడి నడిపేది గడియారానికి సొంత అక్క. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డుల్ని గడగడలాడించిన నర్సు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి తమ్ముణ్ణి చూసింది.

"ఒరేయ్, నా పిల్ల జీపెక్కిందో, ఇక నా ఇంటికి రాకు."

"ఎక్కించేది నేను కాదు కదే, బావగారు."

"నువ్వు ఆపలేకపోతే నువ్వు ఎక్కించినట్టే." తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి గొంతు మార్చింది. "అన్నయ్యగారూ, మంచినీళ్ళు కావాలా?"

"వద్దు అక్కయ్యగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కాస్త సర్దుకుని కూర్చుంటూ. వియ్యపువారింట ఆయన భయపడేది ఈవిడొక్కదానికే.

గడియారం పిచ్చుక ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"పొద్దున్న నోరు ఎన్ని గంటలకి కడిగావమ్మా?"

"ఎనిమిదిన్నరకి సార్. టిఫినయ్యాక."

"బుగ్గలు చూశావా?"

"టార్చి వేసి చూశాను. రెండూ ఖాళీ."

"తర్వాత?"

"పదింటికి పొలమారకుండా చిక్కబెట్టిన పాలు, షుగరు మాత్రలు రెండు. పదీ ఇరవైకి ఎడం పక్కకి తిప్పి పడుకోబెట్టాను. పదకొండూ పదికి మళ్ళీ తిప్పుదామని వెళితే లేవలేదు."

"పదింటి మాత్రలు ఎవరిచ్చారు?"

"నేనే."

"ఇచ్చాక టార్చి వేసి చూశావా?"

"చూ... చూశాను సార్."

"మరి కుడి బుగ్గలో మాత్ర ఎలా ఉంది?"

పిచ్చుక కళ్ళు దించేసింది. ఒంటిగంటా నలభైకి ఆసుపత్రి డాక్టరు ఫోన్ చేసి చెప్పిన సంగతది. ముసలాయన కుడి బుగ్గ లోపల, చిగుళ్ళకీ బుగ్గకీ మధ్య, కరగని నిద్రమాత్ర ఒకటి ఇరుక్కుని దొరికింది. రెండోది లోపలికి పోయింది.

"చూశారా బావగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అబద్ధం దానంతటదే బయటికొచ్చింది. ముసలాయన్ని పడుకోబెట్టేసి హాయిగా ఫోన్ చూసుకుందామనుకుంది. ఇలాంటివి నేను ఏడాదికి నాలుగు చూస్తాను."

"బయటి మనుషుల్ని నమ్మి ఇల్లు అప్పగిస్తే ఇంతేనండి," అన్నాడు ఇంటి అల్లుడు. మామగారు ఆసుపత్రిలో ఉన్నారన్న బెంగ ఆయన మొహంలో నిజంగానే ఉంది. అత్తగారి కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు. "అత్తయ్యగారు చూడండి, పొద్దుట్నుంచీ ఒక్క మెతుకు కూడా ముట్టలేదు."

పెద్దావిడ చేతిరుమాలు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

గడియారం లేచి గది చూశాడు. గదంటే ఏముంది, రోగి గది. పైకీ కిందకీ లేచే మంచం, దాని పక్కన చిన్న బల్ల. బల్ల మీద గాజుగుడ్డ, టార్చి, రక్తంలో చక్కెర చూసే మిషను. గోడకి రెండు అరల చెక్క అలమరా. పై అర ముసలాయన మందులకి, కింది అర పెద్దావిడ మందులకి. పక్కన గోడకి అంటించిన చార్టు. ఏ మందు ఏ వేళకి ఇచ్చారో గడిగడికీ టిక్కు పెట్టాలి. అక్క బడిలో మొదటి వారం నేర్పే పాఠమది.

గడియారం కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చార్టుకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళాడు.

"బావగారూ, ఇటు రండి. ఏడు గంటల టిక్కులు చూడండి. ముత్యాల్లా గడి మధ్యలో ఉన్నాయి. ఎనిమిది, రెండు, ఆరు, అన్నీ అంతే. పది గంటలవి చూడండి."

పది గంటల టిక్కులు, వారం రోజులవీ, గడి దాటి పక్క గడిలోకి పోయాయి. ఒకటైతే చార్టు దాటి గోడ మీదికి ఎక్కింది.

"టిక్కు వంకర పోయిందని కోర్టులో చెబుతారా బావగారూ? పదింటికి తొందర్లో ఉండి ఉంటుంది."

"రోజూ పదింటికేనా తొందర?"

"మీకు ప్రతిదాంట్లోనూ ఏదో కనబడుతుంది. అందుకే మీరు డిపార్టుమెంటులో ఇమడలేదు."

"మీకేమీ కనబడదు. అందుకే మీకు ప్రమోషన్లు వచ్చాయి బావగారూ."

"ఇద్దరూ మర్యాదగానే కొట్టుకుంటున్నారు, బాగుంది," అంది అక్క. "టైము రెండున్నర."

గడియారం అక్క దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఒకటి చెప్పు. పక్షవాతం వచ్చినాయనకి పడిపోయిన వైపు బుగ్గలో మాత్ర ఎవరు పెడతారు?"

"ఎవరూ పెట్టకూడదురా. ఆ బుగ్గకి స్పర్శ ఉండదు. అక్కడ ఏది పెట్టినా జేబులో వేసుకున్నట్టు ఉండిపోతుంది, ఆయనకి తెలియను కూడా తెలియదు. మంచి వైపే పెట్టాలి."

"ఏమీ తెలియని మనిషైతే ఏం చేస్తాడు?"

"నాలిక మీద పడేసి నీళ్ళు పోస్తాడు."

"చంపుదామనుకున్నవాడు?"

"పాలల్లో నూరి కలిపేస్తాడు. బుగ్గలో పెట్టేంత ఓపిక వాడికెక్కడిది?"

"మరి బుగ్గలో పెట్టాలని తెలిసీ, తప్పు బుగ్గలో పెట్టిందెవరు?"

అక్క మొహంలో ఏదో వెలిగింది.

"సగం నేర్చుకున్నవాళ్ళు," అంది నెమ్మదిగా. "ఆదివారాలు ఇంటివాళ్ళ కోసం గంట క్లాసు చెబుతాను కదా, అక్కడ చేస్తారీ తప్పు. నేను ఎదురుగా నిలబడి 'ఎడం బుగ్గ' అంటాను. వాళ్ళు పేషంట్‌కి ఎదురుగా నిలబడి తమ ఎడం పక్క పెట్టేస్తారు. అది పేషంట్‌కి కుడి. అద్దంలో చూసుకుని జుట్టు దువ్వినట్టే, అంతా తారుమారవుతుంది. మా పిల్లలకి ఈ తప్పు వారంలో వదిలిస్తాను. ఇంటివాళ్ళకి అంత టైమెక్కడిది?"

"ఈ ఇంట్లోంచి ఎవరొచ్చారు ఆ క్లాసుకి?"

"ఎవరూ రాలేదు సార్," అంది పిచ్చుక చటుక్కున. ఎవరూ దాన్ని అడగలేదు.

"రాకపోవడమేంటే?" అంది అక్క. "ఇద్దరొచ్చారు. అమ్మగారు, తీసుకొచ్చిన అల్లుడుగారు. రెండు ఆదివారాలు."

ఇన్‌స్పెక్టర్ కాలు మీంచి కాలు దించాడు.

గడియారం జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళలు తీశాడు. తర్వాత చెప్పులు విడిచి, ముసలాయన మంచమెక్కి, దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. "నాకు కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట రాదు. ఒక్కొక్కరూ వచ్చి ఒక బిళ్ళ ఇవ్వండి."

"మాట రాకపోతే ఇల్లు బాగుపడేది," అంది అక్క.

మొదట అల్లుడు. "ఇదేం ఆట సార్," అంటూనే బిళ్ళని నాలిక మీద గిరాటేసి, గెడ్డం పట్టుకుని తల వెనక్కి ఎత్తాడు. గడియారం పొలమారి రెండు నిమిషాలు దగ్గాడు. క్లాసులో ఆయన ఫోన్ చూసుకున్న సంగతి వేరే చెప్పక్కర్లేకుండా తేలిపోయింది.

తర్వాత పిచ్చుక. ఏడుస్తూనే వచ్చింది. కానీ మంచం దగ్గరికి రాగానే దాని చేతులు వాటి పని అవి చేశాయి. వెన్ను నిటారు చేసి, గెడ్డం కాస్త కిందికి వంచి, బిళ్ళని ఎడం బుగ్గలో పెట్టింది. మింగేదాకా చూసింది. టార్చి తీసి రెండు బుగ్గలూ వెతికింది. అక్క చూపు పక్కకి తిప్పుకుంది, ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకోవడానికి.

"అమ్మా, మీరూ," అన్నాడు గడియారం.

పెద్దావిడ లేచింది. కుర్చీ నుంచి మంచానికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ తడుముకోకుండానే వేసింది. మంచం అంచు మోకాలికి తగిలాక ఆగింది. ఎదురుగా వంగి, ఎడం చేతి వేళ్ళతో గడియారం మొహాన్ని ముట్టుకుంది. గెడ్డం, పెదవి. మీసం తగిలేసరికి వేళ్ళు ఒక్క క్షణం వెనక్కి పోయాయి.

"మా ఆయనకి మీసం లేదు నాయనా," అంది, నవ్వొచ్చినట్టు. పెదవి ఒడుపుగా పక్కకి లాగి, బిళ్ళని తన ఎడం వైపున్న బుగ్గలో మెత్తగా పెట్టింది. "నిదానంగా. తొందరేం లేదు. ఎవరు తరుముతున్నారని."

గడియారం కుడి బుగ్గలో పిప్పరమెంటు చల్లగా కరగడం మొదలైంది. పక్షవాతం లేని బుగ్గ కాబట్టి తెలిసింది. వాళ్ళమ్మ పోయాక ఆయన నోట్లో ఎవరూ ఇంత ప్రేమగా ఏదీ పెట్టలేదు.

మంచం దిగి, అలమరాలోంచి ఒక మాత్రల స్ట్రిప్ తీసి ఆవిడ చేతికిచ్చాడు. "ఇది అయ్యగారి షుగరు మాత్రేనా అమ్మా?"

ఆవిడ బొటనవేలితో తడిమింది. "ఇది పై అరలోదా, కింది అరలోదా నాయనా?"

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా, కళ్ళు?" అన్నాడు గడియారం.

"ఏడాదిన్నర. పొర కమ్మింది. మనుషులు నీడల్లా తెలుస్తారు."

"ఆపరేషన్ చేయిస్తే వారంలో చూపు వచ్చేస్తుంది కదండీ అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు, బిత్తరపోయి. "మాకొక్క మాట చెప్పలేదేం?"

"చేయించుకుంటే నెల్లాళ్ళు వంగకూడదు, బరువెత్తకూడదు, ఆయన దగ్గరికి పోకూడదంటారు. చెబితే నన్నో మూల కూర్చోబెడతారు. నలభై ఏడేళ్ళు నాయనా. ఆయన వాచీల్లో చిన్న చిన్న మరలు కింద పడితే వెతికి ఇచ్చిందాన్ని నేను. ఆయనకి ఒక్క మాత్ర కూడా నా చేత్తో ఇవ్వలేనా?"

పిచ్చుక ముందుకొచ్చింది. "తప్పు నాది సార్. మందు వేరేవాళ్ళ చేతికి ఇవ్వకూడదని టీచరమ్మ చెప్పారు. కానీ పదింటికి అయ్యగారు నా చేత్తో ఇస్తే నోరు తెరవరు. అమ్మగారైతే తెరుస్తారు. అందుకని వారం నుంచి అమ్మగార్ని ఇవ్వమన్నాను. టిక్కు కూడా ఆవిడే పెడతానని సరదాపడ్డారు. రోజూ పక్కనే ఉండి ఏ బుగ్గో చెప్పేదాన్ని, ఇవాళ పాలు చిక్కబెట్టడానికి వంటింట్లో ఉండిపోయాను, చూడలేదు. కళ్ళ సంగతి తెలీదు సార్, ఒట్టు."

"నేను చెబితే నీ సర్టిఫికెట్ పోతుందన్నావు కదే," అంది పెద్దావిడ ఆ గొంతు వైపు తిరిగి. "అందుకే నేను నోరు మెదపలేదు. నేనిచ్చింది ఆయన మాత్రలే కదా, తప్పేముంది, నీ మీద పడ్డది ఎలాగూ తేలిపోతుందిలే అనుకున్నాను."

దాన్ని ఈవిడ కాపాడుతోంది, ఈవిణ్ణి అది కాపాడుతోంది. మధ్యలో ఇన్‌స్పెక్టర్ జీపు వీధిలో ఎండలో మాడుతోంది.

"కానీ మాత్రలు మారడమేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వారం నుంచి పై అర, కింది అర తప్పని మనిషి ఇవాళ ఎందుకు తప్పింది?"

అల్లుడి మొహం పాలిపోయింది. "నిన్న సాయంత్రం... కొత్త స్ట్రిప్పులు తెచ్చి నేనే పెట్టానండి. రెండూ తెల్లవే. ఏది ఎక్కడని చూడలేదు." కుర్చీ వెన్ను పట్టుకుని, "ఇంట్లోవాణ్ణి నేనే చేసి, ఆ పిల్లని అన్నాను," అన్నాడు.

"బావగారూ, నేరం లేదు," అన్నాడు గడియారం. "తప్పు బుగ్గలో పెట్టబట్టే ఒక మాత్ర లోపలికి పోలేదు. ఆ పొరపాటే ఆయన్ని బతికించింది."

"నియమం తప్పింది నిజమే కదండీ. స్టేట్‌మెంటన్నా తీసుకోవాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక నన్ను ఆయన దగ్గరికి రానివ్వరు కదూ?" అంది పెద్దావిడ. ఎవర్ని అడిగిందో తెలియలేదు. చెయ్యి చాచింది. ఆ చెయ్యి వణుకుతోంది. నుదుటి మీద చెమట ముత్యాల్లా పేరుకుంది.

అప్పుడు తట్టింది గడియారానికి. ఆయన మాత్రల చోట ఈవిడవి ఉంటే, ఈవిడ మాత్రల చోట ఎవరివి ఉన్నట్టు?

"అమ్మా, మీరు నిద్రమాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారు?"

"రాత్రి ఒకటేసుకున్నా కునుకు పట్టలేదు నాయనా. ఇందాక... ఆయన్ని తీసుకెళ్ళాక... తల పగిలిపోతుంటే, పన్నెండున్నరకి... రెండు..."

గడియారం లెక్క కట్టేలోపే పిచ్చుక ఇన్‌స్పెక్టర్ చేతి కింద నుంచి దూరి పెద్దావిణ్ణి పట్టుకుంది. "అమ్మగారూ, నా చెయ్యి గట్టిగా నొక్కండి." ఆవిడ నొక్కలేకపోయింది. పిచ్చుక ఒక చేత్తో ఆవిణ్ణి మంచం మీదికి ఒరిగించి, రెండో చేత్తో బల్ల మీది మిషను అందుకుని వేలికి పొడిచింది.

"షుగరు ముప్ఫై ఎనిమిదికి పడిపోయింది, టీచరమ్మా."

అక్క మొహంలో రక్తం లేదు. "షుగరు లేని మనిషికి షుగరు మాత్రలు మూడు. పైగా కడుపులో ఏమీ లేదు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యరా." గడియారం అప్పటికే చేస్తున్నాడు.

అల్లుడు గ్లాసు నిండా తీపి నీళ్ళు కలిపి పరిగెత్తుకొచ్చాడు. "నోట్లో పొయ్యద్దు," అంది పిచ్చుక. ఆ గొంతులో ఇందాకటి ఏడుపు లేదు. "మగతలో ఉన్నారు, ఊపిరి గొట్టంలోకి పోతుంది. పొడి పంచదార కావాలి. ఇన్‌స్పెక్టర్‌గారూ, వంటింట్లోంచి పంచదార."

దగ్గితే నలుగురు కానిస్టేబుళ్ళు లేచి నిలబడే మనిషి, వంటింట్లోకి పరిగెత్తి కనబడ్డ డబ్బా మూతలన్నీ తీసి, ఉప్పో పంచదారో నాలిక్కి రాసుకుని చూసుకుంటూ, దొరికిన డబ్బాని గుండెలకి హత్తుకుని వచ్చాడు. పిచ్చుక పెద్దావిణ్ణి ఓ పక్కకి ఒత్తిగిలబెట్టి, తడి వేలికి పంచదార అద్ది, బుగ్గ లోపల చిగుళ్ళ మీద రుద్దింది. మళ్ళీ అద్దింది, మళ్ళీ రుద్దింది. "నిదానంగా అమ్మగారూ. తొందరేం లేదు," అంటోంది దానికే తెలియకుండా. అక్క పక్కన నిలబడి చూస్తోంది తప్ప చెయ్యి పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

రెండూ యాభై ఆరుకి పెద్దావిడ కళ్ళు తెరిచి, "పిచ్చుకా," అంది.

అంబులెన్సు మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. మిషను యాభై రెండు చూపిస్తోంది.

"ఇంతటితో అయిపోలేదు," అంది అక్క వాళ్ళతో. "ఈ మాత్ర రేపటిదాకా షుగరుని కిందికి లాగుతూనే ఉంటుంది. ఎక్కించిన కొద్దీ పడిపోతుంది. గంటకోసారి చూడాలి. ఏమరుపాటు పడితే మనిషి దక్కదు."

"మరి దగ్గర ఎవరుంటారు? సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరే రావాలి," అన్నాడు అంబులెన్సు అతను.

అల్లుడు తలొంచుకున్నాడు. అక్క పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక ఇన్‌స్పెక్టర్ వైపు చూసి అడుగు వెనక్కి వేయబోయింది, కానీ పెద్దావిడ వేళ్ళు దాని మణికట్టు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. సరిగ్గా మూడు గంటలైంది. గడియారం పక్కకి తప్పుకున్నాడు. ఇది బావగారే చెప్పాల్సిన మాట.

ఇన్‌స్పెక్టర్ పంచదార డబ్బా కింద పెట్టాడు. మీసానికి అంటిన పలుకులు తుడుచుకున్నాడు.

"ఈ అమ్మాయే వస్తుంది," అన్నాడు. జీపు డ్రైవర్‌కి కేకేసి, అంబులెన్సుకి ముందు దారి తీయమన్నాడు. తర్వాత పిచ్చుక దగ్గరికొచ్చి, అందరికీ వినబడుతుందేమోనని గొంతు తగ్గించాడు.

"వెళ్ళగానే ముసలాయన పక్క మంచమే అడుగమ్మా. ఖాళీ లేదంటే, ఇన్‌స్పెక్టర్ ఖాళీ చేయించమన్నాడని చెప్పు."